మిట్టమధ్యాహ్నం మిర్చి బస్తా

కొత్త వస్తువుకు సరైన డిజైనర్‌ను ఎంచుకోవడం ఎలా అన్న విషయం మీద ఈ మధ్య హన్మకొండలో కుర్రకారు ఒక సభ పెట్టుకున్నారు. పాతతరం అనుభవం కూడా ఉండాలని ఎవరో అంటే నన్ను పిలిచారు. నా ముందు మాట్లాడిన పెద్దమనిషి తెర మీద బాణాలూ గుండ్రాలూ చూపిస్తూ గంట గడిపాడు. నా వంతు వచ్చేసరికి భోజనాల వాసన వచ్చింది, సభ ఖాళీ అయింది. అక్కడ చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోయినా నాకు కనబడదు కనుక నా పరువుకు వచ్చిన నష్టమేమీ లేదు.

నేను పనిచేసింది వరంగల్ శివార్లలో ఒక రేకుల షెడ్డులో. పేరుకు వర్క్స్ మేనేజర్ని. కరెంటు పోయినప్పుడు జనరేటర్ దగ్గరికి అందరికన్నా ముందు పరుగెత్తే మనిషికి మా దగ్గర ఆ హోదా ఉండేది. పంటలకు మందు కొట్టే చేతి పంపులు తయారుచేసేవాళ్లం. ఒకప్పుడు నర్సంపేట నుంచి పాలకుర్తి దాకా మా పంపు లేని ఇల్లు ఉండేది కాదు. తర్వాత చార్జింగ్ పంపులొచ్చాయి. రైతుల భుజాలకు సుఖం, మా షెడ్డుకు జబ్బు ఒకేసారి మొదలయ్యాయి.

మా యజమానిని అందరం సేటు అనేవాళ్లం. ఆయన అసలు వ్యాపారం ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి. రైతులు తెచ్చిన సరుకును వేలం వేయించి, నచ్చితే తానూ కొనడం. షెడ్డు తండ్రి పెట్టింది. తండ్రిది కనుక మూయడానికి మొహమాటం, లాభం లేదు కనుక నడపడానికి విసుగు. ఈ రెంటి మధ్య ఆయన ఊగుతుండగా ఆయన బామ్మర్ది ఒక పార్టీని వెంటబెట్టుకొచ్చాడు. షెడ్డు లీజుకిస్తే ఫంక్షన్ హాలు చేస్తారట. వరంగల్‌లో పెళ్లిళ్ల కన్నా ఫంక్షన్ హాళ్లే ఎక్కువైపోయిన రోజుల్లో ఇంకొకటి లేని లోటు బామ్మర్దికి ఎలా కనబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ వార్త విన్న రోజు మా వెల్డర్ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పలేదు. ఆయన, నేను ఇంచుమించు ఒకేసారి ఆ షెడ్డులో చేరాం. వెల్డింగ్ తప్ప మరో పని చేతకాదు. ఏళ్ల తరబడి ఆ వెలుగు చూసి చూసి కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆ వయసులో, ఆ కళ్లతో ఇంకో షెడ్డువాడు పనిలో పెట్టుకోడు.

"అన్నా, షెడ్డు వోతే నేను ఆ ఫంక్షన్ హాల్లనే బోల్లు తోముడేనా?" అని అడిగాడు. నవ్వుతూ అడిగి ఉంటే బాగుండేది. నవ్వలేదు.

అప్పుడు పట్టుబట్టి సేటు ముందు ఒక ఆలోచన పెట్టాను. మిర్చిని బస్తాలో నింపేటప్పుడు కాళ్లతో తొక్కి కుక్కుతారని మీలో పల్లెల నుంచి వచ్చినవాళ్లకు తెలుసు. తొక్కేది ఎక్కువగా కూలికొచ్చిన ఆడవాళ్లు. పాదాలు మండిపోతాయి, ఇంటికెళ్లి మజ్జిగలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. ఆ పనికి ఏటికేడు మనుషులు దొరకడం లేదు. బస్తా తొక్కే పనిముట్టు ఒకటి మనం చేస్తే, పంపులు పోయినా షెడ్డు నిలుస్తుందన్నాను. రోజూ మిర్చి రైతుల గోడు వినే మనిషి కనుక సేటుకు ఆలోచన వెంటనే ఎక్కింది. మిర్చి సీజన్ ముగిసేలోగా సరుకు చూపించాలని, లేకపోతే ఫంక్షన్ హాలేనని తేల్చేశాడు. బామ్మర్ది మాత్రం ఆ పార్టీని పోనివ్వకుండా చాయ్ తాగిస్తూనే ఉన్నాడు.

డిజైనర్ కావాలని వాట్సాప్‌లో పెట్టాం. ఊరు ఊరంతా కదిలింది. జాకెట్లకు మగ్గం వర్క్ చేసే ఆవిడ ఫోన్ చేసింది. ఫాల్స్ సీలింగులు చేసే ఆయన వచ్చి మా రేకుల కప్పు వైపు జాలిగా చూసి వెళ్లాడు. లీడర్ల పుట్టినరోజులకు ఫ్లెక్సీలు కొట్టే కుర్రాణ్ణి బామ్మర్ది స్వయంగా తీసుకొచ్చి, వీడు చేస్తే మిషన్ మీద సేటు ఫోటో కూడా వస్తుందని చెప్పాడు. సేటు ఒక క్షణం ఆలోచనలో పడ్డాడని నేను ఒట్టేసి చెప్పగలను.

చివరికి లెక్కలోకి వచ్చినవాళ్లు ఇద్దరే.

ఒకాయన హైదరాబాద్ నుంచి కారులో దిగాడు. నల్ల చొక్కా, గుండ్రటి కళ్లజోడు. ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపించాడు. సాయంత్రపు ఎండలో ఒక యంత్రం మెల్లగా తనచుట్టూ తాను తిరుగుతోంది. పక్కన రైతు నిలబడి ఉన్నాడు, చొక్కా ఇస్త్రీ చెదరలేదు. యంత్రంలోకి మిర్చి వాన కురిసినట్టు పడుతోంది, ఒక్క కాయ కింద పడటం లేదు. సేటు కుర్చీలో ముందుకు జరిగాడు. అంతసేపట్లో ఆ మనిషి మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒక్క మిరపకాయను కూడా చేత్తో ముట్టుకోలేదు. అది చూసి బామ్మర్దికి ఆయన మీద గౌరవం పెరిగిపోయింది.

రెండో ఆమె నర్సంపేట నుంచి బస్సులో వచ్చింది. పెద్ద చదువు చదివి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇలాంటి పనే చేసి, భర్తకు నర్సంపేటలో బ్యాంకు ఉద్యోగం కావడంతో ఇటు వచ్చేసింది. మాట కొంచెం కటువు. బొమ్మలేమీ చూపించకుండానే ప్రశ్నలు మొదలుపెట్టింది. బస్తాలు ఏ వేళప్పుడు తొక్కుతారు, ఎక్కడ తొక్కుతారు, తొక్కేటప్పుడు చేతులు దేన్ని పట్టుకుంటాయి, పక్కన ఎవరుంటారు. మాకు తెలిసినవన్నీ చెప్పాం. చెప్పినకొద్దీ సేటు ముఖం ముడుచుకుపోయింది. చివరికి ఆమె, "సార్, దీనికి అసలు మోటరే అవసరమా?" అని అడిగింది. అక్కడితో ఆమె పని అయిపోయింది.

ఆమె గేటు దాటగానే బామ్మర్ది తీర్పు చెప్పాడు. "మనకు తెల్వనిది చెప్పెటోళ్లు గావాలె గని, మనల్నే అడిగి తెలుసుకునెటోళ్లు ఎందుకు బావా?"

ఉద్యోగ జీవితంలో ఎన్నో ఇంటర్వ్యూలు చూశాను కానీ, మనిషిని వద్దనుకోవడానికి ఇంత స్పష్టమైన కారణం మళ్లీ వినలేదు.

నల్ల చొక్కా ఆయన్నే తీసుకున్నాం. ఆయన వరంగల్‌ను అర్థం చేసుకోవడానికని ఒకసారి వచ్చాడు. కోట చూశాడు, బిర్యానీ తిన్నాడు, వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన డ్రాయింగ్‌లో మిషన్ మీద రాతి తోరణం ఆకారం ఉంది. ఇనుప తోరణం బస్తా తొక్కడానికి ఎలా సాయపడుతుందని ఫోన్లో అడిగాను. అది ఈ నేల ఆత్మ అని జవాబొచ్చింది. వెల్డర్ ఆ ఆత్మను వంచడానికి నానా తంటాలు పడ్డాడు. ఒక కొలత సరిచేస్తే ఇంకోటి మారేది, రంగు మూడుసార్లు మారింది. ఇన్నిటి మధ్య మోటరూ, బస్తాలోకి దిగి మిర్చిని అదిమే ఇనుప పలకా కూడా ఉన్నాయన్న సంగతి మేమే మరిచిపోయేవాళ్లం. వెల్డర్ మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తోరణం వంకర పోతే తన తిండి పోతుందన్నంత శ్రద్ధగా చేశాడు.

ఇక ప్రారంభోత్సవం. సేటు పంతులును అడిగి మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నం పెట్టించాడు. విన్న వెంటనే సేటు దగ్గరికి పరుగెత్తాను. మిర్చిని తెల్లవారుజామున మంచు మీద తొక్కుతారు. అప్పుడు కాయ మెత్తగా వంగుతుంది. ఎండెక్కాక అప్పడంలా పెళపెళలాడుతుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టిన శాస్త్రం కాదు. వరంగల్‌లో మిర్చి అమ్మిన ప్రతివాడికీ, కొన్న ప్రతివాడికీ తెలుసు. కాయ విరిగిన బస్తా మార్కెట్‌కు వస్తే, ఎండలో తొక్కి తెచ్చావా అని రైతును నలుగురిలో నిలబెట్టి కడిగేది మా సేటే. ఆ మాటే గుర్తుచేశాను.

"అభిజిత్ లగ్నంల ఏ దోషముండది మేనేజర్ సాబ్. మీరు ఫికర్ జెయ్యకున్రి," అన్నాడు.

గ్రహాల దోషాలు పోతాయేమో, మిరపకాయకు ఆ ఏర్పాటు లేదని నేను అనలేదు. అనే చనువు నాకు ఉండేది, వినే తీరిక ఆయనకు లేదు. పిలుపులన్నీ అప్పటికే వెళ్లిపోయాయి.

ఆ రోజు షెడ్డు ముందు టెంటు వేశారు. అడ్తి దుకాణాలవాళ్లు, రైతులు, బస్తాలు తొక్కే ఆడవాళ్లు, అందరూ వచ్చారు. ఫంక్షన్ హాలు పార్టీ కూడా మర్యాదపూర్వకంగా వచ్చి, వేదిక ఎక్కడ వేస్తే బాగుంటుందో అడుగులేసి కొలుచుకుంటున్నాడు. అతిథులకు ఉక్కపోయకుండా బామ్మర్ది రెండు పెద్ద కూలర్లు అద్దెకు తెచ్చి సరిగ్గా మిషన్ వెనక పెట్టించాడు. ముందుచూపున్న మనిషి.

కొబ్బరికాయ కొట్టారు. సేటు బటన్ నొక్కాడు. తోరణం కింద నుంచి ఇనుప పలక గంభీరంగా బస్తాలోకి దిగింది. లోపల నుంచి ఎండుటాకుల మీద ఎద్దుల బండి పోతున్నట్టు చప్పుడు వచ్చింది. పలక పైకి లేచేసరికి దాంతోపాటు ఎర్రటి పొగ లేచింది, కూలర్లు ఆ పొగను అతిథులందరికీ సమానంగా పంచిపెట్టాయి. ఆ తర్వాత ఎవరు ఎటు పోయారో చెప్పలేను, నాకు కళ్లు కనబడలేదు. టెంటు గుంజలు పట్టుకుని దగ్గేవాళ్లు, బోరింగు వైపు తడుముకుంటూ పరుగెత్తేవాళ్లు. పంతులు కొబ్బరినీళ్లతో కళ్లు కడుక్కున్నాడు.

గాలి కాస్త తేటపడ్డాక ఒక కూలి ఆడమనిషి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, బస్తాలోకి తొంగిచూసింది.

"సేటూ, కారం గిర్ని మంచిగున్నది. పసుపు గూడ పడ్తదా?"

ఆ నవ్వులు ఎనుమాముల దాకా వినబడి ఉంటాయి. డిజైనర్ మాత్రం నిబ్బరం కోల్పోలేదు. తన లెక్కల ప్రకారం యంత్రంలో లోపం లేదని, మిర్చే స్పెసిఫికేషన్ ప్రకారం లేదని చెప్పి కారెక్కాడు. మర్నాడు సాయంత్రం లీజు కాగితాల మీద సంతకమని బామ్మర్ది అందరి చెవుల్లో పడేలా ప్రకటించాడు. వెల్డర్ తోరణం పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. కళ్లలో నీళ్లు కారం వల్లనేనని నాకు చెప్పాడు. నేను నమ్మినట్టే ఉన్నాను. నాకు మాత్రం ఆ సాయంత్రం నిజంగా ఏడుపొచ్చింది, దానికి కారంతో పని లేదు.

మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లాను. అప్పుడే జెండా పాట ముగిసింది. ఆ రోజు అన్నిటికన్నా మేలైన సరుకుకు పలికిన ధరను జెండా ధర అంటారు. పేపర్లో అదే పడుతుంది, ఎక్కువమంది రైతుల చేతికి మాత్రం అంతకన్నా తక్కువే వస్తుంది. సేటు వరుసగా బస్తాలు చూసుకుంటూ పోతున్నాడు. ఒక్కో బస్తాలోకి భుజం దాకా చెయ్యి దించి, అడుగు నుంచి గుప్పెడు తీసి, విరిచి, వాసన చూసి పక్కకు జరుగుతున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"సేటూ, ఈ బస్తా మీదికి మంచిగనే కనవడ్తాంది గద. మీద చూసి తీసుకోరాదున్రి?" అన్నాను.

"మీద చూసి కొనెటోడు ఈ మార్కెట్ల బతుకుతడా? మంచి కాయ మీద వోస్తరు, తాలు అడుగుకు నూకుతరు. అడుగు దాక చెయ్యి వెట్టాలె."

"మరి ఆ డిజైనర్ను తీసుకున్ననాడు చెయ్యి ఎంత దాక వెట్టిన్రు?"

సేటు చెయ్యి బస్తాలోనే ఉండిపోయింది. పక్కన రైతు తన సరుకులో ఏం దోషం దొరికిందోనని బిక్కముఖం వేశాడు. కాసేపటికి సేటు చెయ్యి బయటికి తీసి, దులుపుకొని, ఆ నర్సంపేట మేడమ్‌ను పిలవమన్నాడు. లీజు సంతకం ఒక్కరోజు ఆపిస్తానన్నాడు. తర్వాత ఆయన అన్న మాట నేను నేర్పింది కాదు. ఆయన బుర్రలోనే పుట్టింది, ఆ గొప్ప ఆయనదే.

"మంచిగ జేసినయి చూపియ్యొద్దని చెప్పున్రి. ఖరాబైంది ఉంటది గద, అది తెమ్మనున్రి."

ఆమె మర్నాడు వచ్చింది. చేతిలో ఒక మడత పీట ఉంది. రోడ్డు పక్కన కూరగాయలు అమ్మే ఆడవాళ్ల కోసం పాత కంపెనీలో ఉన్నప్పుడు చేసిందట. చూడటానికి ముచ్చటగా ఉంది. ఒక్కరు కూడా వాడలేదని ఆమే చెప్పింది. ఎందుకు వాడలేదని సేటు అడిగాడు. బుట్టలు నేల మీద ఉంటాయని, పీట మీద ఎత్తుగా కూర్చుంటే చెయ్యి టమాటాలకు అందదని, తాను ఆ పీట మీద ఆఫీసులోనే కూర్చుని చూసుకున్నానని చెప్పింది. బామ్మర్ది కిసుక్కున నవ్వాడు. సేటు నవ్వలేదు. మార్కెట్‌లో బస్తా ముందు నిలబడ్డ ముఖం పెట్టాడు.

"ఇంక అడుగున ఏమున్నదమ్మా?"

ఆమె పీట మడిచి పక్కన పెట్టింది. "వాడరని నాకు ముందుగాలనే అనుమానముండె సార్. బొమ్మ మంచిగొచ్చింది, పై సారు మెచ్చుకున్నడు. నేను నోరు మూసుకున్న. ఇగ అంతకన్న అడుగున ఏం లేదు."

"చాలు," అన్నాడు సేటు. ఫెయిలైన పీట చూపించిన మనిషికి జీతమిస్తారా అని బామ్మర్ది గోల పెట్టాడు కానీ, ఆ రోజు ఆయన మాట చెవిలో వేసుకున్నవాళ్లు లేరు. లీజు సంతకం సీజన్ చివరి దాకా వాయిదా పడింది.

ఆమె తెల్లవారుజామున కల్లాలకు వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు తానే బస్తాలోకి దిగి తొక్కింది. ఆ సాయంత్రం మజ్జిగ బేసిన్లో కాళ్లు పెట్టుకుని నాతో ఫోన్లో మాట్లాడుతూ, ఏది కష్టమో ఇప్పుడు తెలిసిందని చెప్పింది. మంట ఒకటే కాదు. తూలిపోకుండా పక్కమనిషి భుజం పట్టుకోవాలి, ఇంకొకరు బస్తా మూతిని పట్టుకుని నిలబడాలి. ఒక్కరి పనికి ముగ్గురు ఇరుక్కుంటున్నారు. ఆ ప్రశ్న ఆమె మొదటి రోజే అడిగింది, చేతులు దేన్ని పట్టుకుంటాయని.

చివరికి వెల్డర్, ఆమె కలిసి చేసింది ఒక పైపుల చట్రం. బస్తా మూతిని కొక్కేలకు తగిలించవచ్చు. పట్టుకోవడానికి నడుమెత్తులో ఒక అడ్డకడ్డీ. మిర్చిని అదమడానికి పొడుగు పిడికి బిగించిన వెడల్పాటి చెక్క, అడుగున రబ్బరు. మోటర్ లేదు, తోరణం లేదు, ఈ నేల ఆత్మ ఎక్కడా కనబడదు. సేటు దాని చుట్టూ ఒకసారి తిరిగి నిట్టూర్చాడు.

"గింతేనా మేడమ్?"

"గింతే సార్. గింత చేసెతందుకే గిన్ని రోజులు పట్టింది."

ఈసారి ముహూర్తం పెట్టే వీలు లేదు, మంచు పంచాంగం చూసుకుని కురవదు కదా. పైగా ఆ పొద్దు దుర్ముహూర్తం. సేటు కల్లం గట్టు మీద కళ్లు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకుంటూ నిలబడ్డాడు. గిర్ని బాగుందన్న ఆ కూలి ఆడమనిషే చట్రానికి బస్తా తగిలించి, చెప్పులు విప్పకుండానే పని మొదలుపెట్టింది. బస్తా నిండింది. కాయ విరగలేదు. ఆమె మెచ్చుకోలేదు, నవ్వలేదు, మా వైపు చూడను కూడా లేదు. చట్రాన్ని పక్కకు లాక్కుని ఇంకో బస్తా తగిలించింది. కాసేపటికి వెల్డర్ వెళ్లి, ఒక కొక్కెం సరిచేయాలి ఇటివ్వమంటే, పని అయ్యేదాకా ఇయ్యనంది. వెల్డర్ వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. ఆ ముఖం ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు.

షెడ్డు నిలబడింది. తోరణం మిషన్‌ను ఒక కారం గిర్ని ఆయన కొనుక్కుపోయాడు. అద్భుతంగా పనిచేస్తోందట. నల్ల చొక్కా డిజైనర్ దాని ఫోటోను తన విజయాల్లో పెట్టుకున్నాడని విన్నాను. మీరు ఎక్కడైనా ఆ బొమ్మ చూస్తే మెచ్చుకోండి, గిర్నిగా అది నిజంగానే మంచి డిజైన్.

నేను రిటైరైన రోజు నాకు సన్మానం ఊరికి ఇంకో పక్కన వెలిసిన ఆ పార్టీ ఫంక్షన్ హాల్లోనే జరిగింది. బామ్మర్దే అద్దె తక్కువలో మాట్లాడిపెట్టాడు. సేటు మైకు పట్టుకుని, డిజైనర్ను మిర్చి బస్తాలా అడుగు దాకా చూసి తీసుకోవాలన్నది మొదటి నుంచీ తన పద్ధతేనని, ఆ మేడమ్‌ను చూసిన మొదటి రోజే గుర్తుపట్టానని చెప్పాడు. నర్సంపేట నుంచి వచ్చి మొదటి వరుసలో కూర్చున్న ఆమె శ్రద్ధగా తల ఊపుతూ విన్నది. నేనూ చప్పట్లు కొట్టాను. కప్పిన శాలువా అంత మెత్తగా ఉంది మరి.

భోజనాల దగ్గర వెల్డర్ కనబడలేదు. వెతుకుతుంటే వంటశాల వైపు నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడికి పోయావని అడిగాను.

"బోల్లు తోమే కాడ చూసొచ్చిన అన్నా," అన్నాడు. "దానికి గూడ మిషను వెట్టిండ్లు. ఆ నౌకరి గూడ నాకు దొరకకపోతుండె."

ఈసారి నవ్వాడు. ఇద్దరం కలిసి భోజనం చేశాం.